చలి ఒక్కటే చాలదు: ధ్రువ సముద్రాల శీతాకాలపు మంచును మోడల్ చేయడం

చెన్నైలో మెరీనా రోడ్డు మీద, తిరువల్లిక్కేణి దగ్గర, గుండ్రటి ముఖభాగమున్న పాత భవనం ఒకటి ఉంది. ఇప్పుడది వివేకానందర్ ఇల్లం. ఆటోవాళ్లకు మాత్రం ఆ పేట ఇప్పటికీ ఐస్ హౌసే. ఫ్రెడరిక్ ట్యూడర్ అనే అమెరికా వ్యాపారి కంపెనీ 1842లో దీన్ని కట్టించింది. మసాచుసెట్స్ చెరువుల్లో చలికాలంలో గడ్డకట్టిన నీటిని దిమ్మలుగా కోసి, ఓడలో పేర్చి, చుట్టూ రంపపు పొట్టు కూరి, నెలల తరబడి సముద్రం మీద తెచ్చి మద్రాసు ఎండలో దింపేవారు. సరుకును కాపాడింది చలి కాదు, పొట్టు. ఆ పొట్టు ఎంత మందంగా ఉంది, అడుగున నీళ్లు ఎంత చేరాయి, గాలి అనుకూలించక ఓడ ఎన్నాళ్లు ఆలస్యమైంది అన్నవే ఎంత మంచు మిగిలిందో తేల్చేవి.

ధ్రువ సముద్రాల్లో శీతాకాలపు మంచు లెక్కా ఇలాంటిదే. వేడి నడిచే దిశ మాత్రం తిరగబడుతుంది: కిందనున్న సముద్రంలోంచి పైనున్న ఆకాశంలోకి పోతుంది. పొట్టు చేసే పని అక్కడ హిమం చేస్తుంది. గాలి ఓడకు బదులు మంచునే తోసుకుపోతుంది. "ఈ ఏడు చలి తక్కువ, అందుకే మంచు తగ్గింది" అనే ఒక్క వాక్యపు వివరణ చాలా ఏళ్లకు పొసగదు. ధ్రువరాత్రిలో చలికి కరువేముంది? ఏటేటా మారేవి సముద్రం దాచుకున్న వేడి, మంచు మీద పడ్డ హిమం, గాలి దిశ. మోడల్ (ఈ మంచును లెక్కగట్టే కంప్యూటర్ ప్రోగ్రామ్) రాసేవాళ్ల తలనొప్పులు చాలావరకు ఈ మూడింటి దగ్గరే మొదలవుతాయి.

ముందు మాటల సంగతి తేల్చుకోవాలి. తెలుగులో తెల్లవారుజామున కురిసేదీ మంచే, హిమాలయాల మీదిదీ మంచే, ఫ్రిజ్‌లో పేరుకునేదీ మంచే. ఈ వ్యాసంలో మంచు అంటే సముద్రపు నీరు గడ్డకట్టి తేలే పలక. పైనుంచి రాలి దాని మీద పేరుకునేది హిమం. రెంటినీ ఒకే పేరుతో పిలిస్తే లెక్క ఏడు రెట్లు తప్పుతుంది, ఎందుకో కాసేపట్లో తెలుస్తుంది. హిమనదుల నుంచి విరిగిపడే మంచుకొండలు మంచినీటివి, అవి ఈ లెక్కలోకి రావు.

ఎంత మారుతుంది

ఆర్కిటిక్ మంచు మార్చి ప్రాంతంలో, అంటార్కిటికా చుట్టూ ఉన్నది సెప్టెంబరులో గరిష్ఠానికి చేరుతాయి. ఎడతెగని శాటిలైట్ మైక్రోవేవ్ రికార్డు 1978 చివర్లో మొదలైంది. 2025 మార్చి 22న ఆర్కిటిక్ గరిష్ఠం 1.433 కోట్ల చదరపు కిలోమీటర్లు. అప్పటికి 47 ఏళ్ల రికార్డులో అదే అతి తక్కువ. దక్షిణాన ఊగిసలాట ఇంకా పెద్దది: 2014 సెప్టెంబరులో 2.01 కోట్ల చదరపు కిలోమీటర్లకు చేరి రికార్డు కొట్టింది, 2023 సెప్టెంబరులో 1.696 కోట్ల దగ్గరే ఆగిపోయింది. తొమ్మిదేళ్లలో వచ్చిన ఆ తేడా దాదాపు భారతదేశమంత.

ఈ అంకెలన్నీ విస్తీర్ణం లెక్కలు. సముద్రాన్ని గళ్లుగా విడగొట్టే గ్రిడ్‌లో, 25 కిలోమీటర్ల గడిలో 15 శాతానికి మించి మంచు కప్పి ఉంటే, మొత్తం 625 చదరపు కిలోమీటర్లనూ మంచు ఖాతాలో వేస్తారు. గడిలో నిజంగా ఎంత శాతం మంచు ఉందో అంతే కలిపితే వచ్చేది వైశాల్యం, అది ఎప్పుడూ చిన్న అంకె. ఒకరి విస్తీర్ణాన్ని ఇంకొకరి వైశాల్యంతో పోల్చి "మోడల్ తప్పింది" అని తేల్చేసిన సందర్భాలు తక్కువేమీ కాదు.

గడ్డకట్టేముందు

కుల్ఫీ బండివాడు డబ్బాల చుట్టూ ఐసులో కల్లుప్పు ఎందుకు వేస్తాడో తెలిసినవాళ్లకు ఇది కొత్త కాదు: ఉప్పు చేరితే నీరు గడ్డకట్టే ఉష్ణోగ్రత పడిపోతుంది. కిలోకు 33 గ్రాముల లవణం ఉన్న సముద్రపు నీరు సుమారు −1.8 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. అంతకన్నా ముఖ్యమైన తేడా ఇంకొకటి ఉంది. మంచినీరు 4 డిగ్రీల దగ్గర అత్యంత బరువెక్కుతుంది. అందుకే చెరువులో ఇంకా చల్లబడ్డ నీరు పైనే ఉండిపోయి త్వరగా గడ్డకడుతుంది. లవణం కిలోకు 24.7 గ్రాములు దాటిన నీరు అలా కాదు. గడ్డకట్టేదాకా బరువెక్కుతూనే ఉంటుంది, చల్లబడ్డ కొద్దీ మునుగుతుంది, కిందినుంచి వెచ్చటి నీరు పైకొస్తుంది. అంటే పైపొర మొత్తం చల్లబడితే తప్ప మంచు మొదలవదు.

లెక్క వేసి చూద్దాం. 50 మీటర్ల మందమున్న పైపొర +2 డిగ్రీల నుంచి −1.8కి దిగాలంటే చదరపు మీటరుకు దాదాపు 78 కోట్ల జూళ్ల వేడి పోవాలి. ఆకాశంలోకి చదరపు మీటరుకు సగటున 150 వాట్ల చొప్పున పోతుందనుకుంటే అరవై రోజులు. అదే వేడిని గుప్తోష్ణం (నీరు మంచుగా మారేటప్పుడు వదిలే వేడి) లెక్కలోకి మారిస్తే రెండున్నర మీటర్ల మంచుకు సమానం. ఆర్కిటిక్ నడిబొడ్డున సైబీరియా నదులు తెచ్చిన తేలిక నీరు మూతలా ఉంటుంది కాబట్టి పైపొర పలుచన, మంచు తొందరగా కడుతుంది. నార్వే, రష్యాలకు ఉత్తరాన ఉన్న బారెంట్స్ సముద్రం పడమటి భాగంలో ఆ మూత లేదు. గాలి −20కి పడిపోయినా అక్కడ నీరు తెరిచే ఉండటంలో వింత లేదు.

మోడల్‌లో పైపొర మందం, కింది పొరల లవణీయత తప్పితే మంచు పుట్టే తేదీయే తప్పుతుంది. ఆ తప్పును చాలామంది మంచు కోడ్‌లో వెతుకుతారు. అది ఉన్నది సముద్రపు కోడ్‌లో.

పలక ఎదిగే లెక్క

ఒకసారి పలక కట్టాక సముద్రపు వేడి దాన్ని దాటుకునే పైకి పోవాలి. పలక మందమైన కొద్దీ దారి పొడవు, ఎదుగుదల మెల్లగా. 1891లో యోసెఫ్ స్టెఫాన్ రాసిన సూత్రం ప్రకారం మందం కాలానికి వర్గమూలంలా పెరుగుతుంది. మంచు ఉష్ణ వాహకత 2.1 (వాట్లలో, మీటరుకు, డిగ్రీకి), గుప్తోష్ణం కిలోకు 334 కిలోజూళ్లు, పలక పైముఖం గడ్డకట్టే ఉష్ణోగ్రత కన్నా 20 డిగ్రీలు చల్లగా ఉందనుకుంటే: మొదటి రోజు 15 సెంటీమీటర్లు, పదో రోజుకు 49, వందో రోజుకు 154. తొలి పది రోజుల్లో అర మీటరు పెరిగిన పలక చివరి పది రోజుల్లో పెరిగేది 8 సెంటీమీటర్లే.

ఇప్పుడు చలి పదో వంతు తగ్గించండి, 20 డిగ్రీల తేడా 18 అయిందనుకోండి. వంద రోజులకు 154 బదులు 146. రెండు డిగ్రీల వెచ్చదనం ఎనిమిది సెంటీమీటర్లు తిన్నది, అంతే.

అదే హిమాన్ని కలిపి చూడండి. హిమం వాహకత సుమారు 0.3, మంచుదాంట్లో ఏడో వంతు. 20 సెంటీమీటర్ల హిమం వేడిని ఆపడంలో 1.4 మీటర్ల మంచుతో సమానం. మీటరు మందం పలక మీద హిమం లేకపోతే 20 డిగ్రీల తేడాకు పైకి పోయే వేడి చదరపు మీటరుకు 42 వాట్లు, రోజుకు 12 మిల్లీమీటర్ల ఎదుగుదల. 20 సెంటీమీటర్ల హిమం కప్పితే 17.5 వాట్లు, 5 మిల్లీమీటర్లు. దీనికి కిందినుంచి సముద్రం 10 వాట్లు అందిస్తుంటే మిగిలేది 7.5 వాట్లు, రోజుకు 2 మిల్లీమీటర్ల చిల్లర. చలి ఎక్కడా మారలేదు. ఎదుగుదల ఆరో వంతుకు పడింది.

ఈ జమాఖర్చు రాయడానికి సూపర్‌కంప్యూటర్ అక్కర్లేదు. వేళచ్చేరిలో అద్దె గదిలో ఉన్న మామూలు ల్యాప్‌టాప్ చాలు. పైథాన్‌లో వంద వరుసల లోపే ఒక నిలువు స్తంభపు మోడల్ (ఒకే చోట పైనుంచి కిందిదాకా వేసే లెక్క) రాయొచ్చు. లోపలికి ఇవ్వాల్సినవి: రెండు మీటర్ల ఎత్తున గాలి ఉష్ణోగ్రత, తేమ, గాలి వేగం, పైనుంచి దిగే సూర్యకాంతి, దీర్ఘతరంగ వికిరణం (గాలీ మేఘాలూ వెదజల్లే పరారుణ వేడి), హిమపాతం. గంటగంటకు మొదట పైముఖపు ఉష్ణోగ్రత కనుక్కోవాలి. అక్కడికి వచ్చే వేడి, పోయే వేడి సమానమయ్యే విలువ అది. దీర్ఘతరంగం ఉష్ణోగ్రత నాలుగో ఘాతంతో పెరుగుతుంది కాబట్టి న్యూటన్ పద్ధతిలో (అంచనాను మళ్లీమళ్లీ సరిదిద్దుకుంటూ) నాలుగైదు సార్లు తిప్పితే కుదురుతుంది. ఆ ఉష్ణోగ్రతతో పలకలోంచి పోయే వేడి, దాంట్లోంచి సముద్రం ఇచ్చే వేడి తీసివేత, మిగిలినదాన్ని గుప్తోష్ణంతో భాగిస్తే అడుగున ఎంత మంచు చేరిందో వస్తుంది.

ఇందులో తప్పులు దొర్లే చోట్లు తెలిసినవే. మొదటిది దీర్ఘతరంగం. ధ్రువరాత్రిలో సూర్యుడు సున్నా, కాబట్టి మేఘాలే రాజు. 1997–98లో బోఫర్ట్ సముద్రంలో మంచుతో కలిసి ఏడాది కొట్టుకుపోతూ సాగిన షెబా ప్రయోగంలో శీతాకాలానికి రెండే స్థితులు కనబడ్డాయి: ఆకాశం తేటగా ఉంటే మంచు పైముఖం చదరపు మీటరుకు నికరంగా 40 వాట్లు పోగొట్టుకుంటుంది, ద్రవరూపపు నీటి తుంపరలున్న మేఘం కమ్మితే దాదాపు సున్నా. సగటున 20 అని వేసుకుంటే ఆ రెండు స్థితుల్లో ఏదీ కాని వాతావరణం తయారవుతుంది. మేఘాల్లోని నీటిని తొందరగా ఐసు రవ్వలుగా మార్చేసే వాతావరణ మోడళ్లు మేఘావృత స్థితినే పోగొట్టుకుంటాయి.

రెండోది వాతావరణ రీఅనాలిసిస్ డేటా, అంటే పాత కొలతలను మోడల్‌తో కలిపి తిరిగి కట్టిన వాతావరణ చరిత్ర. విస్తృతంగా వాడే ఈఆర్ఏ5లో మంచు మీద హిమపు పొర లేదు. కాబట్టి తేట ఆకాశపు శీతాకాలంలో పైముఖం ఉండాల్సినదానికన్నా వెచ్చగా వస్తుంది. ఆ గాలి ఉష్ణోగ్రతను మీ మోడల్‌కు నేరుగా ఇస్తే మంచు తక్కువ కడుతుంది. దాన్ని సరిచేయాలని హిమం వాహకత పెంచితే అంకె కలుస్తుంది, భౌతికశాస్త్రం చెడుతుంది. రెండు తప్పులు ఒకదాన్నొకటి కప్పుకున్న మోడల్ మామూలు ఏళ్లలో బాగానే పనిచేసి, హిమం అసాధారణంగా పడ్డ ఏడు బోర్లాపడుతుంది. మనకు కావాల్సింది సరిగ్గా ఆ అసాధారణ ఏళ్లే.

మూడోది సముద్రం ఇచ్చే వేడి. దీన్ని స్థిరాంకంగా పెట్టడం సులువు, కానీ అందులో ప్రమాదం ఉంది. చదరపు మీటరుకు ఒక్క వాటు ఆరు నెలలు నడిస్తే 5 సెంటీమీటర్ల మంచు. సాధారణంగా వాడే సూత్రంలో ఆ వేడి రెండింటి లబ్ధం మీద ఆధారపడుతుంది: మంచు కింద రాపిడి వేగం, నీరు గడ్డకట్టే ఉష్ణోగ్రత కన్నా ఎంత పైనుంది అన్న తేడా. రాపిడి వేగం సెకనుకు ఒక సెంటీమీటరు, బదిలీ గుణకం 0.006 అనుకుంటే, నీరు 0.1 డిగ్రీ వెచ్చగా ఉన్నా పాతిక వాట్లు వస్తాయి. థర్మామీటరు దశాంశ స్థానంలో తప్పితే మీటరు మంచు అటూఇటూ అవుతుంది.

గాలి తోసే మంచు

స్తంభపు మోడల్ ఎంత బాగున్నా మంచు అంచు ఎక్కడుందో చెప్పలేదు, ఎందుకంటే మంచు పుట్టినచోట ఉండదు. 1893–96లో ఫ్రామ్ ఓడతో మంచులో ఇరుక్కుని కొట్టుకుపోతూ ఫ్రిట్యోఫ్ నాన్సెన్ గమనించింది ఇదే: మంచు గాలి వేగంలో రెండు శాతంతో, గాలి దిశకు 20 నుంచి 40 డిగ్రీలు కుడివైపుగా కదులుతుంది. దక్షిణార్ధగోళంలో ఎడమవైపు. సెకనుకు 10 మీటర్ల గాలి వీస్తే మంచు రోజుకు 17 కిలోమీటర్లు, పది రోజులకు 170 కిలోమీటర్లు పోతుంది. దాదాపు చెన్నై నుంచి నెల్లూరంత.

మంచు వదులుగా ఉన్నంతసేపు ఈ లెక్క చాలు. పలకలు ఒకదానికొకటి ఆనుకున్నాక కథ మారుతుంది. అవి ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి, విరుగుతాయి, ఒకదాని మీదొకటి ఎక్కి గుట్టలు పడతాయి. విలియం హిబ్లర్ 1979లో ఇచ్చిన విస్కస్-ప్లాస్టిక్ మోడల్ (మంచును, ఒత్తిడి హద్దు దాటాక లొంగిపోయే జిగట పదార్థంగా చూసేది) దీనికి ఇప్పటికీ పునాది. అందులో మంచు బలం మందంతో సూటిగా, తెరిచిన నీటి వాటాతో ఘాతీయంగా మారుతుంది. ఘాతంలో గుణకం 20. అంటే నూటికి నూరు కప్పిన మంచులో పది శాతం నీరు తెరుచుకుంటే బలం 86 శాతం పోతుంది. ఇరవై శాతం తెరుచుకుంటే మిగిలేది రెండు శాతం లోపే. కిక్కిరిసిన రంగనాథన్ స్ట్రీట్‌లో పండగ రద్దీని తలచుకోండి: నూరుగురిలో పదిమంది తప్పుకుంటే చాలు, ఆగిపోయిన గుంపు కదలడం మొదలుపెడుతుంది.

ఈ సమీకరణాలను నేరుగా ముందుకు నడిపితే, వంద కిలోమీటర్ల గ్రిడ్‌లో కూడా టైమ్ స్టెప్ (లెక్క ఒక్కోసారి ముందుకు వేసే అడుగు) సెకను స్థాయికి దిగిపోతుంది. మోడల్‌ను శతాబ్దం పొడవునా నడిపే రన్‌కు అది అయ్యే పని కాదు. 1997లో హంకె, డుకోవిచ్ ఒక ఉపాయం చేశారు: మంచుకు కృత్రిమంగా సాగే గుణం కలిపి, గంట స్టెప్పును వందకు పైగా చిన్న ఉపస్టెప్పులుగా విడగొట్టారు. అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాలలో పుట్టిన సీఐసీఈ అనే సముద్రపు మంచు కోడ్ ఈ దారిలోనే నడిచింది. కంప్యూటర్ సమయం ఆదా చేద్దామని ఉపస్టెప్పులు తగ్గిస్తే సాగుడు తరంగాలు చల్లారకుండా మిగిలిపోతాయి. మంచు వేగపు పటంలో గళ్లగళ్ల మరకలు కనబడితే ముందు అనుమానించాల్సింది దీన్నే.

మంచు విడిపోయినచోట పగుళ్లు తెరుచుకుంటాయి. శీతాకాలంలో తెరిచిన నీరు చదరపు మీటరుకు 400 వాట్లు పోగొట్టుకోవడం మామూలే. గడిలో రెండు శాతం పగుళ్లుంటే అక్కడినుంచి గడి సగటుకు 8 వాట్లు. హిమం కప్పిన మిగతా 98 శాతం నుంచి 17. మొత్తం నష్టంలో దాదాపు మూడో వంతు ఆ రెండు శాతంలోంచే. అందుకే గడికి ఒకే సగటు మందం పెట్టడం పనికిరాదు. పలుచటి మంచు వేగంగా ఎదుగుతుంది, మందమైనది గుట్టలు పడుతుంది, సగటు ఈ రెండూ చేయదు. సీఐసీఈలో మామూలుగా ఐదు మందపు తరగతులుంటాయి, హద్దులు 0.64, 1.39, 2.47, 4.57 మీటర్ల దగ్గర. పగుల్లో పుట్టే కొత్త మంచు కనీస మందం ఎంత అన్న చిన్న సెట్టింగ్ మీద కూడా కన్నేసి ఉంచాలి. అది పెద్దదైతే పగులు మెల్లగా మూసుకుని, సముద్రం అనవసరంగా వేడి కోల్పోతుంది.

తీరం నుంచి గాలి మంచును నిరంతరం తోసేసే చోట ఏర్పడే తెరిచిన నీటిని పోలిన్యా అంటారు. దాని వెడల్పు జమాఖర్చుతో తేలుతుంది. సెకనుకు 15 మీటర్ల గాలికి పలుచటి కొత్త మంచు మూడు శాతం వేగంతో, రోజుకు 39 కిలోమీటర్లు పోతుందనుకుందాం. పోలిన్యా అంచున అది 10 సెంటీమీటర్ల మందంగా పోగవుతుంది, నీటి మీద రోజుకు 10 సెంటీమీటర్లు కొత్తగా కడుతుంది. వెడల్పు 39 కిలోమీటర్ల దగ్గర నిలుస్తుంది. వంద కిలోమీటర్ల గ్రిడ్‌కు ఇది కనబడనే కనబడదు. 25 కిలోమీటర్ల గ్రిడ్‌లో ఒకటిన్నర గడి.

ఒక్కో సముద్రానిది ఒక్కో దారి

అలాస్కా, రష్యాల మధ్య ఉన్న బేరింగ్ సముద్రం గాలిది. ఉత్తరాన పోలిన్యాల్లో పుట్టిన మంచును ఉత్తరగాలి దక్షిణానికి తోస్తుంది, అది వెచ్చటి నీటి అంచున కరుగుతూ ఆ నీటిని చల్లబరుస్తుంది, వెనకాల వచ్చేది ఇంకొంచెం దూరం పోతుంది. 2012లో ఉత్తరగాలులు పట్టుబట్టి వీచి అక్కడ మంచు అసాధారణంగా విస్తరించింది. 2018లో దక్షిణగాలులు వీచి రికార్డు స్థాయిలో తగ్గింది. ఇక్కడ మోడల్ బాగా రావాలంటే సరైన గాలి కావాలి. గాలిని నెలల ముందు ఊహించలేం కాబట్టి బేరింగ్‌కు సీజనల్ అంచనా కష్టం.

బారెంట్స్ సముద్రం వేడిది. నార్వేకూ బేర్ దీవికీ మధ్య ద్వారంలోంచి అట్లాంటిక్ నీరు సెకనుకు సుమారు 20 లక్షల ఘనపు మీటర్లు లోపలికి వస్తుంది. ఆ నీరు ఒక్క డిగ్రీ వెచ్చబడి ఆరు నెలలు అలాగే ఉంటే, అదనంగా వచ్చే వేడి మీటరు మందమున్న మంచును 4.2 లక్షల చదరపు కిలోమీటర్ల మేర కరిగించగలదు. రెండు తెలుగు రాష్ట్రాలు కలిపినా 2.75 లక్షలే. నిజానికి అందులో ఎక్కువ భాగం దారిలోనే గాలికి పోతుంది. మిగిలింది చాలు. దక్షిణాన నార్వేజియన్ సముద్రంలో కనబడ్డ వెచ్చదనం ఇక్కడికి చేరేసరికి ఏడాదీ రెండేళ్లూ పడుతుంది కాబట్టి బేరింగ్‌కు లేని ముందుచూపు బారెంట్స్‌కు ఉంది. ఆర్కిటిక్ శీతాకాలపు హెచ్చుతగ్గుల్లో పెద్ద వాటా ఈ ఒక్క సముద్రానిదే.

దక్షిణాన పరిస్థితి వేరు. మధ్యలో ఖండం, చుట్టూ సముద్రం, మంచు ఉత్తరానికి విస్తరించడానికి అడ్డేమీ లేదు. ఆగేది వెచ్చటి నీరూ గాలులూ కలిసి ఆపినప్పుడే. హిమం ఎక్కువ, పలక పలుచన. హిమం మందం పలక మందంలో మూడో వంతు దాటితే దాని బరువుకు పలక నీటి మట్టం కిందికి మునుగుతుంది, సముద్రపు నీరు హిమంలోకి ఎక్కి గడ్డకడుతుంది. 60 సెంటీమీటర్ల పలకను ముంచడానికి 20 సెంటీమీటర్ల హిమం చాలు. ఎదుగుదలను ఆపే హిమమే ఇక్కడ పైనుంచి మంచును పెంచుతుంది. ఈ ప్రక్రియ లేని మోడల్ దక్షిణాన హిమాన్ని శత్రువుగానే చూస్తుంది. ఎల్ నీన్యో ఏళ్లలో అట్లాంటిక్ దిక్కున వెడ్డెల్ సముద్రం వైపు మంచు పెరగడం, పసిఫిక్ దిక్కున అముండ్సెన్–రాస్ సముద్రాల వైపు తగ్గడం మామూలు. రెండూ కలిపిన మొత్తంలో ఆ తూగుడుబల్ల కనబడదు.

ఇంకో చిక్కు కిందినుంచి వస్తుంది. 1974, 75, 76 శీతాకాలాల్లో వెడ్డెల్ సముద్రం మధ్యలో రెండున్నర లక్షల చదరపు కిలోమీటర్ల మేర నీరు గడ్డకట్టలేదు. లోతునున్న వెచ్చటి నీరు పైకి తిరగబడింది. మళ్లీ చెప్పుకోదగ్గ పోలిన్యా అక్కడ కనబడింది 2017లో, అదీ చిన్నది. ప్రపంచ మోడళ్లలో కొన్నింటిలో మాత్రం ఇది పదేపదే తెరుచుకుంటుంది, ఎందుకంటే వాటిలో పైపొర లవణం కాస్త ఎక్కువై నీటి మూత బలహీనపడుతుంది. 1979 నుంచి 2014 దాకా దక్షిణపు మంచు కొద్దిగా పెరుగుతుంటే చాలా మోడళ్లు తగ్గుదల చూపడం, 2016 తర్వాత ఒక్కసారిగా వచ్చిన పతనం, ఈ రెంటినీ కలిపి సంతృప్తికరంగా చూపే మోడల్ కోసం వెతుకులాట సాగుతూనే ఉంది.

కొలతను ఎంతవరకు నమ్మాలి

మోడల్‌ను పరీక్షించే కొలతలూ నిష్కళంకం కావు. మైక్రోవేవ్ చీకట్లోనూ మేఘంలోంచీ చూస్తుంది, కానీ పలుచటి కొత్త మంచును సగం నీరుగా చదువుతుంది. తీరం దగ్గర గడిలో నేల కలిసి లేని మంచు కనబడుతుంది. మందం కొలవడం మరీ కష్టం. క్రయోశాట్-2 ఉపగ్రహంలో ఉన్నలాంటి ఆల్టిమీటరు (ఎత్తు కొలిచే రాడార్) కొలిచేది నీటిపైకి తేలిన భాగాన్ని, అది మొత్తంలో పదో వంతు. 3 సెంటీమీటర్లు తప్పితే మందం 30 సెంటీమీటర్లు తప్పుతుంది. హిమం ఎంతుందో తెలియకపోతే ఆ మూడు సెంటీమీటర్లు తప్పడం చాలా తేలిక.

ఇక్కడ మన పొరుగున ఉన్న శ్రీహరికోటకు ఒక పాత్ర ఉంది. 2013 ఫిబ్రవరి 25న పీఎస్‌ఎల్‌వీ-సీ20 మీద వెళ్లిన ఇస్రో, ఫ్రాన్స్ ఉమ్మడి ఉపగ్రహం సరళ్‌లోని ఆల్టికా, కేఏ-బ్యాండ్ అనే పొట్టి రాడార్ తరంగాలు వాడే ఆల్టిమీటరు. దాని సంకేతం హిమపు పైముఖానికి దగ్గర్లోనే తిరుగుముఖం పడుతుంది. క్రయోశాట్-2 వాడే కేయూ-బ్యాండ్ హిమంలోకి ఇంకా లోతుగా చొరబడుతుంది. రెంటి ఎత్తుల తేడాలోంచి హిమం మందం రాబట్టొచ్చు. సరళ్ కక్ష్య 81.5 డిగ్రీల అక్షాంశం దగ్గరే తిరిగిపోతుంది కాబట్టి ధ్రువం చుట్టూ ఖాళీ మిగులుతుంది. ఐనా శీతాకాలపు అంచు సముద్రాలన్నీ దాని పరిధిలోవే.

హెచ్చుతగ్గులను సరిగ్గా తూచడం

మోడల్ రన్ పూర్తయ్యాక చాలామంది మొదట గీసేది మొత్తం విస్తీర్ణపు గీత. అది ఆఖర్న గీయాల్సింది. బారెంట్స్‌లో 3 లక్షల చదరపు కిలోమీటర్లు ఎక్కువ, బేరింగ్‌లో 3 లక్షలు తక్కువ వచ్చిన మోడల్‌కు మొత్తంలో తప్పు సున్నా. ఎక్కువైన చోట్లనూ తక్కువైన చోట్లనూ కొట్టివేయకుండా కలిపితే 6 లక్షలు. అంచు తప్పిదం అంటే ఈ రెండో అంకె. సముద్రం వారీగా విడగొట్టి, నెల వారీగా చూడటం తప్పనిసరి.

తర్వాతి మెట్టు దీర్ఘకాలిక ధోరణిని తీసేయడం. రెండు గీతలూ కిందికే పోతుంటే వాటి సహసంబంధం (రెండూ ఎంత కలిసి కదులుతాయన్న కొలత, పూర్తిగా కలిస్తే 1) 0.8 దాకా కూడా రావచ్చు. అది ఒక ఏడుకూ మరో ఏడుకూ ఉన్న తేడా గురించి ఏమీ చెప్పదు. ధోరణి తీశాక 45 స్వతంత్ర శీతాకాలాలుంటే 0.29 దాటిన సహసంబంధానికి ఐదు శాతం స్థాయిలో (కాకతాళీయంగా వచ్చే అవకాశం ఐదు శాతం లోపు) విలువుంది. బారెంట్స్‌లో ఒక ఏటి వేడి మరుసటి ఏటికి మిగులుతుంది కాబట్టి ఆ 45లో స్వతంత్రమైనవి 15 మాత్రమే అనుకుంటే, గడప 0.51కి లేస్తుంది. ఈ ఒక్క సవరణకు నిలబడని సంబంధాలు ఎన్నో.

ఒకే రన్‌ను ఒకే చరిత్రతో పోల్చడంలోనూ ఓ పొరపాటుంది. సీఈఎస్ఎం అనే ప్రపంచ వాతావరణ మోడల్ పెద్ద ఎన్సెంబుల్‌లో (ఒకే మోడల్‌ను ఎన్నోసార్లు నడిపిన రన్‌ల గుంపు) తొలి 30 రన్‌ల మధ్య మొదట్లో ఉన్న తేడా గాలి ఉష్ణోగ్రతలో డిగ్రీలో పద్నాలుగో దశాంశ స్థానంలో. అంత చిన్న తేడా కొన్ని వారాల్లో వేరే వాతావరణంగా, కొన్నేళ్లలో వేరే మంచు చరిత్రగా మారింది. అందువల్ల 2012లో బేరింగ్ మంచు మీ రన్‌లో పెరగకపోవడం తప్పు కాదు, గాలులను చరిత్రలోంచి ఇవ్వనంతవరకు. అడగాల్సిన ప్రశ్న వేరే: రన్‌లన్నీ కలిపి చూస్తే ఏటేటా ఊగే మోతాదు, ఒక ఏటి వైపరీత్యం ఎన్నాళ్లు నిలుస్తుందన్న లెక్క కొలతలకు దగ్గరగా ఉన్నాయా? ఊగడం తక్కువగా ఉంటే తరచూ మంచు మరీ మందమై ఉంటుంది. నిలవడం ఎక్కువైతే అనుమానం సముద్రపు పైపొర మీదికి పోవాలి.

శీతాకాలపు బారెంట్స్‌లో మోడల్ మంచు ఎక్కువ చూపుతుంటే మొదట చూడాల్సింది ఆల్బెడో (సూర్యకాంతిని తిప్పికొట్టే గుణం) కాదు, చీకట్లో దానికి పనే లేదు. నార్వే–బేర్ దీవి ద్వారంలో నీటి పరిమాణం, ఉష్ణోగ్రత ముందు చూడాలి. అక్షాంశ రేఖాంశాల్లో ఒక డిగ్రీ గ్రిడ్‌లో ఆ ద్వారానికి కొన్ని గడులే దక్కుతాయి, అట్లాంటిక్ నీరు తగినంత లోపలికి రాదు. తర్వాత పైపొర లవణం, ఆ తర్వాత గాలి, అప్పుడు హిమం, చివర్న మంచు రియాలజీ (ఒత్తిడికి అది లొంగే, విరిగే తీరు). ఈ క్రమంలో పోతే వారంలో తేలేది, తలకిందులుగా పోతే నెలలు తింటుంది.

మొదటి మెట్టుకు కొలత కావాలి, అది నీటి అడుగున ఏడాది పొడవునా ఉండాలి. నార్వేకు ఉత్తరాన ఉన్న స్వాల్‌బార్డ్ దీవుల్లోని కాంగ్స్‌ఫ్యోర్డెన్‌లో 2005–06 శీతాకాలంలో అట్లాంటిక్ నీరు లోపలికి దూసుకొచ్చాక ఆ ఇరుకు సముద్రంలో మంచు కట్టడం బాగా తగ్గిపోయింది. ఆ ఒడ్డునే 2008లో భారత్ హిమాద్రి కేంద్రాన్ని తెరిచింది. 2014లో ఆ నీటిలో దింపిన ఇండ్‌ఆర్క్ మూరింగ్ (సముద్రం అడుగుకు లంగరేసిన పరికరాల తీగ) తయారీలో చెన్నై పళ్లికరణైలోని ఎన్‌ఐఓటీ (జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ) ఇంజినీర్ల చేయి ఉంది. తీగకు వేర్వేరు లోతుల్లో కట్టిన పరికరాలు ఉష్ణోగ్రతనూ లవణీయతనూ చీకటి నెలల్లో కూడా రాసుకుంటాయి. గడ్డకట్టే ఉష్ణోగ్రత కన్నా నీరు 0.1 డిగ్రీ పైనుందా, 0.3 డిగ్రీలు పైనుందా అన్నది చెప్పగలిగేది అలాంటి తీగే.